రెంటచింతల ఎండకు ఇద్దరం

చలి 138వ రోజు. లోపల 11 డిగ్రీలు. పొయ్యి మూడు పూటలు.

పొయ్యి వాడిన 'కారణం' అనే గడిలో 'చలి' అని రాశాను. పోయిన నెల పొయ్యిల ఇన్‌స్పెక్టరుగారు ఆ మాట కింద ఎర్రగీత గీసి 'వివరంగా రాయాలి' అన్నారు. అంతకు ముందు నెల వివరంగా రాస్తే 'అనవసర వ్యాఖ్యలు వద్దు' అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని గడిలో ఒక్క మాట రాసి, మిగతాది ఈ పొయ్యి పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మీ ఖర్మ.

నా పేరు గంగామణి. ఆదిలాబాద్, ఏడో వాడ, వేడిగొట్టం చివరి ఇల్లు. వేడి అందరి ఇళ్ళూ తిరిగి, తిని తాగి, మిగిలితే మా ఇంటికి వస్తుంది. నా పని ఇళ్ళ కప్పుల మీద మంచు దులపడం. నాలుగేళ్ళ కిందట మా ఆయన పోతూ పోతూ నాకు రెండు వదిలివెళ్ళాడు. ఒకటి ఈ పొయ్యి, రెండోది ఆయన అక్క. పొయ్యి అప్పుడప్పుడైనా ఆగుతుంది.

ఆవిడ పేరు లసుంబాయి. అరవై ఆరేళ్ళు. బొంతలు కుడుతుంది. వాడలో సగంమంది ఆవిడ కుట్టిన బొంతల కిందే పడుకుంటారు, ఆవిడను తిట్టుకుంటూ పడుకుంటారు. నోరు అలాంటిది. నా నోరూ అంతేనని గిట్టనివాళ్ళు అంటారు.

ఇవాళ మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన కూర్చుని కుడుతోంది. తెల్లబొంత మీద వరసగా ఎర్రచుక్కలు కనిపించాయి. దారం రంగు దిగిందేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే సూది ఆవిడ చూపుడువేలిలో ఈ పక్క నుంచి ఆ పక్కకు దిగి ఉంది. ఆవిడ కుడుతూనే ఉంది.

"వదినె, సూది!"

"ఏం సూది? చేతులనే ఉన్నది గద."

"చేతుల గాదు, వేలుల ఉన్నది! చూస్కో."

చూసుకుంది. సూది లాగి, కొంగుకు తుడిచి, మళ్ళీ కుట్టబోయింది. 'అబ్బా' అని కూడా అనలేదు. చేయి లాక్కుని చూస్తే కుడిచేతి నాలుగు వేళ్ళూ కొసల దగ్గర సీసం రంగులో ఉన్నాయి. గిల్లి చూశాను, కొరికి కూడా చూశాను. ఏమీ తెలియడం లేదు.

"ఎన్ని దినాల నుంచి ఇట్లున్నది?"

"దీపావళి ముంగట్నుంచి."

"మరి నాకు చెప్పొద్దా?"

"నీకు చెప్తె ఏం జేస్తవ్, ఊదుతవా?"

అదీ మా వదినె. అంత కష్టంలో కూడా నన్ను ఒక మాట అనకుండా ఉండలేదు.

చలి 139వ రోజు. లోపల 10 డిగ్రీలు. పొయ్యి మూడు పూటలు.

పొద్దున్నే డాక్టర్ జావీద్ దగ్గరికి లాక్కుపోయాను. ఆయన వేళ్ళు నొక్కి, దీపం దగ్గర పెట్టి చూసి, కొయ్యవేలు అన్నాడు. ఎండ ఎరగని ఒళ్ళలో నెత్తురు కొసలదాకా వెళ్ళడం మానేస్తుందట. ఈ చలికాలం ఇది పదకొండో కేసట.

"ఎండ దగలాలె. మూడు దినాలు, నేరుగ తోలు మీద పడాలె. పొయ్యి వేడి గాదమ్మా, ఉడుకు నీళ్ళు గాదు. అసలు ఎండ. నూట అరవయ్యో దినం లోపల్నే."

"దాటితె?" అన్నాను.

"నాలుగు వేళ్ళు దీసెయ్యాలె. లేకుంటె చెయ్యి మీదికి ఎక్కుతది."

వదినె వెంటనే, "గట్లయితె ఇప్పుడే నన్ను మొత్తం దీసెయ్యి సారూ, మిగిలినదాంతోటి ఏం జేస్త?" అంది. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బొంత కుట్టని లసుంబాయిని నేను ఊహించుకోలేను. కుట్టేటప్పుడే ఇంత సతాయిస్తుంది, ఖాళీ చేతులతో కూర్చుంటే ఇద్దరికీ ఆ ఇంట్లో బతుకు ఉండదు. ఇలా రాశానని మీరు నన్ను రాతిగుండెదనుకుంటే అనుకోండి. ఆవిడ వేళ్ళు పోతాయేమోనని నాకు భయంగా ఉంది. ఆ సంగతి ఆవిడకు మాత్రం చెప్పను.

చలి 141వ రోజు. లోపల 10 డిగ్రీలు. పొయ్యి రెండు పూటలు.

సెలవుల ఆఫీసుకు వెళ్ళాను. రెండు చలికాలాలకోసారి ఇంటికొక ఎండ సెలవు తీసుకోవచ్చు, వాడకుండా మిగిల్చిన పొయ్యి పూటలు కడితే. అంటే వెచ్చటి చోటికి వెళ్ళాలంటే ముందు ఇంట్లో గడ్డకట్టాలి. ఈ నియమం పెట్టినవాడు కప్పు మీద మంచు దులిపి ఉండడు.

కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా పేరు సమత. ముప్పై ఏళ్ళుంటాయి. శాలువా నడుముకు రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది. ఓపికమంతురాలు. నేను మూడుసార్లు అడిగినా మూడుసార్లూ ఒకే గొంతుతో చెప్పింది.

"చవుకల గావాలంటె రామగుండం ఉన్నదమ్మా. పాత బొగ్గుబాయిల కింద ఇంక మంట ఉన్నది, నేల గోరువెచ్చగుంటది. పండుకుంటె నడుము నొప్పులు పోతయి."

"ఎండ ఉంటదా?"

"బాయిల ఎండెక్కడిది?"

"మణుగూరు?"

"ఉడుకు ఊటలున్నయి. కానీ అంత ఆవిరే. మబ్బుల గూసున్నట్టుంటది."

"మరి ఎండ ఎక్కడున్నది?"

"రెంటచింతలల. మింటి పరదాకు అక్కడ కిటికీ కోసిండ్రు. పొద్దంత ఎండనే."

పరదా వేసింది మా తాతల కాలంవాళ్ళు. ఎండ తట్టుకోలేక ఆకాశం నిండా పొడి చల్లారట. చల్లడం తెలిసింది, తుడవడం తెలియలేదు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, ఇప్పుడు దానికి అక్కడో ఇక్కడో కిటికీలు కోసి మనకే అమ్ముతున్నారు.

రెంటచింతలలో మూడు తరగతులున్నాయి. మేడ ఎండ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. వాకిలి ఎండ, సగం రోజు. గోడవార ఎండ, మేడల నీడ తప్పుకున్న రెండు గంటలు మాత్రం. మేడ ఎండకు మా ఇంటి పొయ్యి మూడేళ్ళు ఆర్పుకోవాలి. గోడవారకైతే ఇంకో తొమ్మిది రోజులు ఒక్క పూటతో సరిపెట్టుకుంటే ఇద్దరికీ వస్తుంది. ఒక్కదాన్ని పంపలేను. కోటు గుండీలు పెట్టుకోవడం ఆవిడకు ఇప్పుడు చేతకాదు.

ఇంటికొచ్చి చెప్తే వదినె నోరు తెరుచుకుని చూసింది.

"రెంటచింతలనా? మా చిన్నప్పుడు ఆ పేరు జెప్పి పోరగాండ్లను భయపెడుతుండిరి. గక్కడికి సెలవు వెట్టుకోని పోతరా ఎవలన్న?"

"పోతరు. వరసల నిలవడి పోతరు."

"లోకం తలకిందులాయె," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

చలి 146వ రోజు. లోపల 3 డిగ్రీలు. పొయ్యి ఒక పూట.

ఇన్‌స్పెక్టరుగారూ, మూడు డిగ్రీలంటే ఎలా ఉంటుందో మీకు తెలియడానికి రాస్తున్నాను. పగలు మూడంటే రాత్రికి సున్నా కిందికే; తాగే నీళ్ళ బిందె మీద పొద్దున మంచుపెంకు కట్టింది. గరిటెతో పగలగొట్టి కాచుకున్నాం. మాట్లాడితే పొగ వస్తోంది కాబట్టి ఎవరు ఎవరిని ఎంత తిడుతున్నారో కంటికి కూడా కనిపిస్తోంది.

మొదటింటి రుక్మాబాయి వచ్చి, "అంత తిప్పలెందుకు, రామగుండం పోరాదుండ్రి, మేం పోయస్తిమి, మస్తుంటది" అంది. గొట్టం మొదట్లో కూర్చుని ఒంటి చొక్కాతో తిరిగే మనిషి. ఆవిడకు చెప్పాల్సిన మాట చెప్పి పంపించాను. ఈ పుస్తకంలో రాయదగ్గది కాదు.

చలి పెరిగేకొద్దీ వేళ్ళ మీది సీసం రంగు అరచేతి వైపు పాకుతోంది. వేళ్ళు కాపాడటానికి పొయ్యి ఆర్పుతున్నాం, పొయ్యి ఆర్పితే వేళ్ళు చెడుతున్నాయి. ఇది తలుచుకుంటే నాకు ఎవరినైనా కొట్టాలనిపిస్తుంది. మధ్యాహ్నం అన్నాల తరవాత ఒకే బొంత కింద కూర్చుని ఆవిడ కుడిచేయి నా చంకలో పెట్టుకుంటున్నాను. మంచుముక్క పెట్టుకున్నట్టే ఉంటుంది.

"నీ చంక గూడ గొట్టం చివరి ఇల్లులెక్కనే ఉన్నది, ఉడుకే లేదు," అంటుంది.

"గట్లయితె తీ చెయ్యి."

తీయదు. నేనూ తీయనివ్వను.

చలి 150వ రోజు. లోపల 2 డిగ్రీలు. పొయ్యి ఒక పూట.

ఇవాళ జరిగింది రాస్తుంటే కలం కాగితంలోకి దిగిపోతోంది. చలికి కాదు, కోపానికి.

పూటలు సరిపోయాయి. ఇద్దరం సెలవుల ఆఫీసుకు వెళ్ళాం. సమత మా కాగితాలు చూసింది, డాక్టరు చీటీ చదివింది, వదినె చేయి చూసి నొచ్చుకుంది. నాలుగో రోజు బండిలో, గోడవార తరగతిలో రెండు చోట్లు రాసింది. అంతేకాదు, వదినెకు ఎక్కడం కష్టమని బండిలో కింది బల్ల కూడా రాసింది. మేం అడగనే లేదు. ముద్ర ఎత్తింది.

మా వదినె కళ్ళు నిండాయి. కిటికీ లోపలికి ఎడమచేయి పెట్టి, సమత చెంప తాకి, మనసారా అంది:

"నీ కడుపు సల్లగుండ బిడ్డా!"

వరసలో ఉన్న ఒకామె పిల్లవాడి చెవులు మూసింది.

ఇన్‌స్పెక్టరుగారికి చెప్పక్కర్లేదు. ఈ రోజుల్లో ఎవరైనా ఎవరినైనా దీవిస్తే వెచ్చగుండు అంటారు. తల పగలగొట్టినవాడికి మాఫీ ఉంటుంది, చల్లబడమన్నవాడికి ఉండదు. వాడకో బోర్డు ఉంది, చలిమాటలు మాట్లాడరాదని. అదొక్కటే అయితే జరిమానాతో పోయేది. పోయిన చలికాలం పురుటింటి వేడిగొట్టం పగిలింది గుర్తుందా? ఆ రోజు లోపలున్నవాళ్ళలో ఈ సమత ఒకతె. ఏడో నెల. కడుపు చల్లబడింది అన్నారు ఊళ్ళో. ఆ సంగతికి ఇప్పుడు వేరే మాట లేదు, అదే మాట.

ముద్ర ఎత్తిన చేయి అలాగే ఆగింది. సమత మొహం తెల్లగా అయిపోయింది. మా కాగితాలు మడిచి సొరుగులో వేసి తాళం పెట్టింది.

"తర్వాతోళ్ళు రాండ్రి," అంది. అదే గొంతు.

వదినెకు ఏం జరిగిందో అర్థం కాలేదు. "దీవించిన గద!" అని అందరి మొహాలూ చూస్తోంది. రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను.

చలి 151వ రోజు. లోపల 3 డిగ్రీలు. పొయ్యి ఒక పూట.

పొద్దుటి నుంచి తిట్టాను. ఉన్నవన్నీ తిట్టాను. చివరికి ఇలా అన్నాను:

"నీ నోటికి బొంతకుట్టు ఎయ్యాలె. యాభై ఏండ్ల నుంచి మంచుల ఉంటున్నవ్. ఏ మాట అనాలెనో ఏ మాట అనొద్దో తెల్వదా? ఆ పిల్ల కడుపు సంగతి ఊరందరికి ఎరుకనే!"

నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ అన్నం తినలేదు. సాయంత్రం దాకా అలాగే కూర్చుని, అప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"నీ మొగనికంటె ముందల నాకింకొక తమ్ముడుండె. బాబయ్య. ఆరేండ్లోడు."

నాకు తెలియదు. మా ఆయనకు కూడా తెలిసి ఉండదు.

"పరదా ఎయ్యకముందు. ఎండలంటె ఎండలు గావు, నిప్పులు. నాకు నోరెండుతున్నది, సల్ల దాగ బుద్ధయింది. వాడ చివర గొల్లోళ్ళింట్ల సల్ల ఉంటుండె. నేనే పంపిన వాన్ని. నట్టనడి పగటీలి. ముంత వట్టుకోని ఉరికిండు. తిరిగొచ్చిండు గూడ. ముంత నా చేతులవెట్టి పడిపోయిండు."

ఆగింది.

"ఒళ్ళు పెనం లెక్క కాలుతున్నది. సల్లబడితె బతుకుతడన్నరు. మా అవ్వ తడిబట్ట కప్పి, ఒళ్ళు తుడుసుకుంట, నా కొడుకు సల్లగుండ, నా కొడుకు సల్లగుండ అని పొద్దుమీకిందాంక అన్నది. సల్లబడలే. నాకు ఎవరి మీదన్న పానం గొట్టుకుంటె ఆ మాటనే వస్తది గంగా. వేరే మాట నాకు నేర్పలే ఎవలు."

బొంత తెచ్చి ఆవిడ మీద కప్పాను. కొంచెం గట్టిగానే పడేశాను, నా పద్ధతి అదే.

చలి 152వ రోజు. లోపల 2 డిగ్రీలు. పొయ్యి ఒక పూట.

పనికి ఎగనామం పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. సమత నన్ను చూసి తల తిప్పుకుంది. వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే, "తర్వాతోళ్ళు" అంది. మళ్ళీ వరస చివరికి వెళ్ళాను. అలా నాలుగుసార్లు. మధ్యాహ్నం భోజనాలకు కిటికీ మూస్తుంటే తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాను.

"మీ వదినె మాట గురించయితె వినే ఓపిక నాకు లేదమ్మా."

"బతిమిలాడే ఓపిక నాకు గూడ లేదు. ఒక్క ముచ్చట జెప్పి పోత."

బాబయ్య సంగతి చెప్పాను. ముంత సంగతి, తడిబట్ట సంగతి, వాళ్ళవ్వ పొద్దంతా అన్న మాట. నాకు మెత్తగా చెప్పడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. సమత గోడకు ఆనుకుని విన్నది. శాలువా కొస వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

"ఎందుకన్నదో సమజయింది," అంది చివరికి. "అయినా ఆ మాట నా చెవులకెళ్ళి పోతలేదు. నిన్నంత తిండి తిననియ్యలే. నేను మాఫ్ చెయ్య."

"చెయ్యకు. నేనయినా చెయ్యను."

సొరుగు తీసి మా కాగితాలు బయట పెట్టింది. ముద్ర కొట్టింది, మరీ గట్టిగా కొట్టింది.

"నేను కప్పుకునేది మీ వదినె కుట్టిన బొంతనే. అప్పుడే చిన్నదొకటి గూడ కుట్టించిన. ఇంత పొడుగుది." రెండు చేతులతో కొలత చూపించింది. "పెట్టెలనే ఉన్నది. ఆ కుట్టు మంచి కుట్టు. ఆ వేళ్ళు పోవద్దు. అందుకిస్తున్న."

ధన్యవాదాలు చెప్పాలి. నోరు తెరిచాను. ఏ మాట తోచినా తప్పుగానే అనిపించింది. కాగితాలు తీసుకుని, దండం పెట్టి వచ్చేశాను. దారిపొడుగునా ఏడ్చాను. చెంపల మీద నీళ్ళు గడ్డకట్టి లాగాయి.

చలి 155వ రోజు. రెంటచింతల. పొయ్యి లేదు, కొలత లేదు.

పుస్తకం వెంట తెచ్చాను. నిన్నంతా బండిలో కుదిపి కుదిపి తెచ్చారు. పొద్దున్న దిగగానే నా కాళ్ళ దగ్గర నల్లగా ఒక మనిషి పడి ఉంటే అరిచాను. నా నీడేనట. నేను పుట్టింది పరదా కింద. అక్కడ నీడలు ఉండీ లేనట్టు ఉంటాయి. ఇంత నల్లది, ఇంత దగ్గరగా, ఎక్కడికెళ్తే అక్కడికి రావడం నాకు నచ్చలేదు.

గోడవార గదులు చూసుకునే ఆయన పేరు శౌరయ్య. నల్లటి మనిషి, తెల్లటి పళ్ళు. చాప, తువ్వాలు, చెంబు ఇచ్చాడు.

"పన్నెండింటి నించి రెండింటిదాకా మీకు ఎండొచ్చిద్దమ్మా. ఆ తరవాత మేడోళ్ళ నీడ పడిద్ది. ఒక్క నిమిషం కూడా వేస్టు చేసుకోబాకండి."

పన్నెండయింది. గోడ వార మీదికి ఎండ దిగింది. నేను చెప్పలేను అదెలా ఉందో. ఒంటి మీద ఎవరో చేయి వేసి తీయకుండా ఉంచినట్టుంది. వెనక్కి తిరిగి, "రా వదినె!" అన్నాను. వదినె గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది.

"నట్టనడి పగటీలి బయట గూసుంటరా ఎవలన్న? నేను రాను!"

బతిమిలాడాను. తిట్టాను. తలుపు తన్నాను. శౌరయ్య వచ్చి, "ఏందమ్మా ఆమె, ఎండ కోసం వచ్చి ఎండంటే భయమేంది?" అన్నాడు. సల్లకొచ్చి ముంత దాచినట్టుందన్న సామెత నాలిక చివరిదాకా వచ్చింది. బాబయ్య గుర్తొచ్చి మింగేశాను. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ మొండికేయడం లేదు. భయపడుతోంది.

రెండయింది. నీడ వచ్చేసింది. మూడు రోజుల్లో ఒకటి అయిపోయింది.

చలి 156వ రోజు. రెంటచింతల.

నాకు ఉపాయాలు రావు, కోపం వస్తుంది. పన్నెండు కాగానే చాప వేసుకుని ఎండలో కూర్చున్నాను. తల మీద గుడ్డ కూడా తీసేశాను.

"నువ్వు రాకుంటె రాకు! తొమ్మిది దినాలు గడ్డకట్టినం దీనికోసం. నేనొక్కదాన్నే గూసుంట!"

పావుగంట బాగానే ఉంది. అరగంటకు మాడు చుర్రుమంది. మన ఒళ్ళు దీనికి అలవాటు పడ్డవి కావు కదా. తలుపు సందులోంచి వదినె గొంతు వినిపించింది.

"నెత్తి మీద బట్ట గప్పుకో పిల్లా."

"గప్పుకోను."

"నీళ్ళన్న దాగు."

"దాగను."

"సస్తవే!"

"సస్త. నీకేంది?"

నిజంగానే కళ్ళు తిరిగి పక్కకు ఒరిగాను. అది నటన కాదు. గడియ తీసిన చప్పుడు వినిపించింది. మా వదినె పరుగెత్తుకొచ్చింది, అరవై ఆరేళ్ళ మనిషి, చెప్పులు లేకుండా. తువ్వాలు తడిపి నా తల మీద వేసింది. నా మొహం తుడుస్తోంది, మెడ తుడుస్తోంది, మళ్ళీ చెంబులో ముంచుతోంది. తిడుతూనే ఉంది. నీ బుద్ధి మన్నువడ, నీకేమన్నయితె నేనెవలతోని కొట్లాడాలె, అంటోంది.

నేను కళ్ళు తెరిచి చూసేసరికి ఆవిడ కుడిచేయి నా మొహం ముందు కదులుతోంది. నాలుగు వేళ్ళ మీదా ఎండ. నేరుగా, తోలు మీద. కదిలితే చెడుతుందని నోరు మూసుకున్నాను. ఆవిడ లోపలికి పోబోయినప్పుడల్లా 'అమ్మో, తల తిరుగుతున్నది' అన్నాను. అది మాత్రం నటనే. రెండింటిదాకా అంటూనే ఉన్నాను.

చలి 157వ రోజు. రెంటచింతల.

ఇవాళ నేను ఎండలో కూర్చోగానే ఆవిడే తువ్వాలు పట్టుకుని వచ్చింది, పైకి చూడకుండా. నా వెనక గొంతుకూర్చుంది. నా ఉపాయం కనిపెట్టిందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

ఒంటిగంటకు మా మీద నీడ పడింది. మేడ మీద ఒకావిడ పట్టుదుప్పట్లు పిట్టగోడ మీద ఆరేసింది. ఇంకో గంట ఎండ మాది. సెలవు చీటీలో రాసి ఉంది.

"ఓ మేడమ్మా! గా దుప్పట్లు దీస్తవా, నన్ను మీదికి రమ్మంటవా?"

తొంగి చూసి, "ఏంటా అరుపులు? మేం ఎంత కట్టి వచ్చామో తెలుసా?" అంది.

"మేం ఎంత చలికి ఆగి వచ్చినమో నీకెరుకనా? దించు!"

దించలేదు. మెట్లెక్కాను. శౌరయ్య ఆపబోయి పక్కకు తప్పుకున్నాడు. దుప్పట్లు నేనే దించి, మడత పెట్టి ఆవిడ చేతిలో పెట్టాను. మంచు దులిపే చేతులను ఎవరూ ఆపరు. నా పేరు రాసుకుంటామన్నారు, రాసుకోమన్నాను. దిగి వచ్చేసరికి పది నిమిషాలు పోయాయి.

వదినె చెంబు కోసం కుడిచేయి చాపింది. చెంబు అంతసేపూ ఎండలో ఉంది. పట్టుకుని కెవ్వున అరిచి వదిలేసింది. నీళ్ళన్నీ ఒలికిపోయాయి.

"సుర్రుమన్నదే! కాలిందే గంగా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ మళ్ళీ చెంబు పట్టుకుంది. మళ్ళీ అరిచింది. శౌరయ్య ఉరికొచ్చి ఏమైందని అడిగితే, ఆవిడ చెంబు మూడోసారి పట్టుకుని అరిచి చూపించింది.

చలి 159వ రోజు. లోపల 8 డిగ్రీలు. పొయ్యి రెండు పూటలు.

డాక్టర్ జావీద్ వదినెను కళ్ళు మూసుకోమన్నాడు. పుల్లతో ఒక్కో వేలూ తాకాడు.

"ఇది?"

"చూపుడువేలు."

"ఇది?"

"నడిమిది."

"ఇది?"

"దాని పక్కది."

చిటికెనవేలు తాకాడు. ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. ఇంకోసారి తాకాడు, పుల్ల గుచ్చి తాకాడు. "ముట్టుండ్రి సారూ, చూస్తున్న," అంది.

ఆయన నా వైపు చూశాడు. ఇంకొక్క రోజు తగిలి ఉంటే అదీ వచ్చేదేమో అన్నాడు. ఆ ఒక్క రోజు ఏమైందో ఆయనకు నేను చెప్పలేదు. రేపు పొద్దున చిటికెనవేలు తీసేస్తారు. మిగతా మూడూ ఉంటాయి.

కళ్ళు తెరవమన్నాక వదినె చిటికెనవేలిని చాలాసేపు చూసుకుంది. ఏడిస్తే చూస్తుందని తిట్లకు దిగాను.

"అయిపోయింది. మూడు వేళ్ళ ముసలిది కుట్టిన బొంత ఎవడు గొంటడిగ? వంకర కుట్లు గుడుతవ్. నీ బొంతలు నేనే గప్పుకోవాలె."

డాక్టరు, "లసుంబాయమ్మా, బొటనవేలు చూపుడువేలు కలిపి గట్టిగ నొక్కుండ్రి, బలమెంతుందో చూద్దాం," అన్నాడు.

ఆవిడ తల ఊపింది. నా వైపు తిరిగింది. రెక్క పైన, కండ ఉన్న చోట చూసుకుని, ఆ రెండు వేళ్ళతో పట్టి, మెలితిప్పి గిచ్చింది.

గట్టిగా అరిచాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడ అప్పుడే నీలంగా కమిలింది. బయట వరసలో ఉన్నవాళ్ళు తొంగి చూశారు, డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"చాలమ్మా, చాలు! బలం మంచిగున్నది!"

నేను రెక్క వెనక్కి తీసుకోలేదు. ఇంకోసారి గిచ్చమన్నాను.